అబద్ధమాడిన రసమట్టం

తెల్ల బంతి మళ్ళీ కిటికీ వైపు మూలకే దొర్లింది.

"చూశావా? మళ్ళీ అక్కడికే. ఆ మూల దానికేమైనా చుట్టాలున్నారా?" అన్నాడు నాట్ పిలింగ్.

ఎల్లిస్ క్లెగ్ బిలియర్డ్స్ బల్ల కింద మోకాళ్ళ మీద కూర్చుని, దాని కాలి కింద చెక్కముక్కను ఇంకాస్త లోపలికి కొట్టాడు. లేచి, పచ్చగుడ్డ మీద పెట్టిన రసమట్టంలోకి తొంగిచూశాడు. బుడగ రెండు గీతల మధ్య నిద్రపోతున్న పిల్లాడిలా కదలకుండా ఉంది.

"బల్ల సరిగ్గానే ఉంది. నీ బంతే వంకర" అన్నాడు.

"మూడు బంతులూ వంకరేనా? అన్నీ ఒకే వైపుకి వంకరా?"

క్లబ్బులో వాళ్ళిద్దరే ఉన్నారు. వేక్స్ సెలవులకు క్రాగ్‌డెన్ ఊరు ఊరంతా బ్లాక్‌పూల్ సముద్రం ఒడ్డుకి పోయింది. మిల్లుల పొగగొట్టాలు వారంగా చల్లబడి ఉన్నాయి. ఆ వారం ఊళ్ళో మిగిలేది ముసలివాళ్ళు, పిల్లులు, మిల్లు ఇంజిన్లు బాగుచేసే ఫిట్టర్లు. అందరూ ఇసకలో పడుకున్నప్పుడే వాళ్ళు ఇంజిన్ల పొట్ట విప్పాలి. అందరూ తిరిగొచ్చేసరికి మళ్ళీ కుట్టెయ్యాలి.

ఎల్లిస్‌కి ఆ వారం హాజెల్‌క్లఫ్ మిల్లులో పని. నిన్నటితో అయిపోయింది. ఈ మధ్యాహ్నం మూడింటికి ఇంజిన్ని ఆవిరి మీద తిప్పి చూస్తారు. రేపు తెల్లవారి మిల్లు మొదలు. ఈలోగా ఒక పూట ఖాళీ దొరికిందని, క్లబ్బు చూసుకునే నాట్ బతిమాలితే బల్ల సరిచెయ్యడానికి వచ్చాడు. పని వదిలి కూర్చుంటే ఎల్లిస్‌కి కాళ్ళల్లో చీమలు పాకుతాయి.

నాట్ గుడ్డ దులుపుదామని రసమట్టాన్ని చేతిలోకి తీసుకున్నాడు. దులిపి మళ్ళీ బల్ల మీద పెట్టాడు. అటుది ఇటుగా.

ఎల్లిస్ మొహం జేవురించింది.

"అట్లా తిప్పి పెట్టకు."

"ఏం, దానికి కళ్ళు తిరుగుతాయా?"

"ఒకడి రసమట్టాన్ని వాడి ఎదుటే తిప్పి పెట్టావంటే వాణ్ణి అబద్ధాలకోరన్నట్టు. మా ఫిట్టర్ల షాపులో అయితే పళ్ళు రాలేవి."

"మీ షాపులో నేను లేనుగా. నావి ఇప్పటికే సగం రాలాయి."

ఎల్లిస్ దాన్ని మళ్ళీ తిప్పబోయి ఆగిపోయాడు.

బుడగ మధ్యలో లేదు. కిటికీకి ఎదురుగా ఉన్న గోడ వైపుకి పోయి, గీత దాటి ఆగింది.

తిప్పాడు. మధ్యకొచ్చింది. మళ్ళీ తిప్పాడు. గోడ వైపుకి పోయింది. బల్ల మారలేదు, చోటు మారలేదు. మంచి రసమట్టం ఎటు తిప్పి పెట్టినా ఒకటే మాట చెప్పాలి. ఇది రెండు మాటలు చెబుతోంది.

"ఏమయ్యా, మొహం అట్లా పెట్టావేం?" అన్నాడు నాట్.

ఎల్లిస్ రసమట్టాన్ని అటూ ఇటూ చూశాడు. నల్లచెక్క, ఇత్తడి రేకు, కొసలో తన పేరు. ఎక్కడా దెబ్బ లేదు. మరలు కదిలిన గుర్తు లేదు. సోమవారం పొద్దున తనే బిగించాడు. షాపులో అందరూ చేసినట్టే, జేబెజ్ టాటర్సల్ మేస్త్రీ రసమట్టం పక్కన ఇనప పలక మీద పెట్టి, ఆయన బుడగ ఎక్కడుంటే తన బుడగ అక్కడికి వచ్చేదాకా మర తిప్పి బిగించాడు.

మేస్త్రీ రసమట్టానికి ఒక పేరుంది. పాదిరి. బర్మింగ్‌హామ్‌లో చేసిన రోజ్‌వుడ్ రసమట్టం, మేస్త్రీ తాతది. అది అబద్ధమాడదని ఆ లోయలో ఫిట్టర్లందరి నమ్మకం. ఏ పెద్ద పని మొదలెట్టినా ముందు అందరి రసమట్టాలూ పాదిరి దగ్గర వరసగా నిలబడాలి. పాదిరిని తిప్పి చూసినవాడు ఎవడూ లేడు. ఎవడు చూస్తాడు?

తన రసమట్టం తప్పు చెబుతోందంటే, పాదిరి తప్పు చెప్పింది.

ఆ వారం ఇంజిన్ ఇంట్లో వాళ్ళు చేసింది ఒకటే పని. పెద్ద చక్రాన్ని మోసే ఇరుసును జాకీల మీద లేపి, బేరింగుల్లో కొత్త తెల్లలోహం పోసి, తిరిగి రెండు పీఠాల మీద మట్టంగా కూర్చోబెట్టారు. పాదిరి చూసింది. దూరపు పీఠం కిందకి ఉంది, ఎత్తాలంది. ఎత్తారు. ముగ్గురు ఫిట్టర్ల రసమట్టాలూ అదే మాట చెప్పాయి. చెప్పవా మరి? ముగ్గురికీ పాఠం చెప్పింది పాదిరే.

ఆ పీఠం కింద రేకులు దూర్చింది ఎల్లిస్ చేతులే.

"నాట్, టైమెంతయింది?"

"గడియారం నీ నెత్తి మీదే ఉంది. రెండు దాటింది. నా బల్ల సంగతేంటి?"

ఎల్లిస్ అప్పటికే మెట్లు దిగుతున్నాడు.

* * *

మిల్లుకి పోయేముందు మేస్త్రీ ఇంటికి పోవాలనుకున్నాడు. దారిలోనే ఉంది. ట్రయల్ ఆపమని చెప్పగలిగేది మేస్త్రీ ఒక్కడే. ఫిట్టరు పోయి చెబితే మేనేజరు మేస్త్రీ వైపు చూస్తాడు. మేస్త్రీ చెబితే ఎవరి వైపూ చూడడు.

రాళ్ళు పరిచిన వీధులు ఎండకి వేడెక్కి ఉన్నాయి. కొత్త రాజుకి పట్టం కట్టినప్పటి జెండాలు కిటికీల్లో ఇంకా వేలాడుతున్నాయి. ఎల్లిస్ బూట్ల చప్పుడు తప్ప ఊళ్ళో ఇంకో చప్పుడు లేదు. నడుస్తూ మొదలెట్టినవాడు సగం దారిలో పరిగెడుతున్నాడు.

ఆలోచించకూడదనుకుంటూనే ఆలోచిస్తున్నాడు. ఇరుసు ఒక కొస ఎత్తుగా ఉంటే బేరింగు మీద బరువంతా ఒక అంచు మీదే పడుతుంది. మెల్లగా తిరిగినంతసేపూ ఏమీ తెలియదు. వేగం అందుకున్నాక ఆ అంచు కాలుతుంది. తెల్లలోహం వెన్నలా కరుగుతుంది. ఇరుసు కిందకి కూలబడుతుంది. ఇక ఆ చక్రం ఎటు పోతుందో ఎవరికీ తెలియదు. ఎల్లిస్ కుర్రతనంలో పక్క లోయలో ఒక చక్రం పగిలింది. ముక్క ఒకటి రెండు వీధులవతల ఒకావిడ పడకగదిలో దొరికింది.

హాజెల్‌క్లఫ్‌లో ఆవిరి వాల్వు దగ్గర నిలబడే మనిషి విల్ఫ్ ఓగ్డెన్. ఎల్లిస్ పెళ్ళాం హెట్టీకి అన్న. వాల్వు ఉన్నది చక్రానికి సరిగ్గా ఎదురుగా. చక్రం పగిలితే మొదటి ముక్క విల్ఫ్‌దే.

మేస్త్రీ ఇంటి తలుపు తీసే ఉంది. ఆయన భార్య హెప్జిబా వంటింట్లో ఒక గిన్నెని గరిటె వెనకతో గీకుతోంది.

"పిన్నిగారూ, మేస్త్రీ ఉన్నారా?"

"నువ్వా ఎల్లిస్? ఆయన మిల్లుకి పోయి గంటయింది. చూడు నా గిన్నె. పుడ్డింగు చేసుకునే గిన్నెలో సున్నం కలిపాడు. నలభై ఏళ్ళు కాపురం చేసిన మనిషి చేసే పనేనా ఇది?"

"సున్నమా?"

"సున్నమో, ప్లాస్టరో. రాయిలా పట్టుకుంది. రాత్రి అన్నం తినలేదు, పొద్దున గుడికి రాలేదు. అడిగితే గుర్రుమంటాడు. పోతూ పోతూ కాలరు కూడా పెట్టుకోలేదు. పనిబట్టలేసుకుని పోయాడు, ఆదివారం పూట. నలుగురూ నన్నేమనుకుంటారు?"

ఎల్లిస్ ఆవిడ భుజం మీదుగా కిటికీ వైపు చూశాడు. కిటికీ గట్టు మీద ఎండలో పాదిరి ఉంది. పైన ఇత్తడి రేకు విప్పి పక్కన పెట్టి ఉంది. లోపల గాజుగొట్టం చుట్టూ తెల్లగా కొత్త ప్లాస్టరు. వేలు పెట్టి చూశాడు. గట్టిపడింది గానీ ఇంకా చెమ్మ ఆరలేదు.

గుండెలు కుదుటపడ్డాయి. మేస్త్రీకి తెలిసింది. తనే తిప్పి చూసుకున్నాడు. గాజు వంకరని కనిపెట్టి మళ్ళీ సరిగ్గా కూర్చోబెట్టాడు. మిల్లుకి పోయింది ట్రయల్ ఆపించడానికే.

"టీ తాగి పో" అంది హెప్జిబా.

"మళ్ళీ వస్తాను" అంటూ గుమ్మంలోకి వచ్చాడు. వచ్చి కొండ కిందకి చూశాడు.

హాజెల్‌క్లఫ్ పొగగొట్టం నుంచి నల్లటి పొగ దట్టంగా లేస్తోంది. ఇంజిన్ని వెచ్చబెట్టే పొగ అట్లా ఉండదు. తిప్పడానికి ఆవిరి లేపే పొగ అది.

గంట కిందట పోయిన మనిషి ఆపించలేదు.

ట్రయల్ రోజు మేస్త్రీ ఎప్పుడూ నల్లకోటు, తెల్లకాలరుతో మేనేజరు పక్కన నిలబడతాడు. నూనె ముట్టుకోడు. ఇవాళ పనిబట్టలేసుకుని పోయాడు. ఎందుకు?

* * *

మిల్లు పెరట్లోకి వచ్చేసరికి కాళ్ళ కింద నేల సన్నగా అదురుతోంది. ఇంజిన్ తిరుగుతోంది.

ఎల్లిస్ పక్క తలుపులోంచి లోపలికి దూరాడు. ఆ తలుపు తెరుచుకునేది దూరపు పీఠం దగ్గరికే. ఇంజిన్ ఇల్లు గుడంత ఎత్తు, పెళ్ళింటంత శుభ్రం. నడుమ గోతిలో సగం మునిగిన పెద్ద చక్రం మెల్లగా, బరువుగా తిరుగుతోంది. దానికవతల ఎత్తు మీద విల్ఫ్ ఒక చెయ్యి వాల్వు చక్రం మీద వేసుకుని నిలబడ్డాడు. ఎల్లిస్‌ని చూసి టోపీ ఎత్తి పళ్ళికిలించాడు. పెద్ద తలుపు దగ్గర మేనేజరు హాలింగ్‌వర్త్ జేబు గడియారం చూసుకుంటున్నాడు.

దూరపు బేరింగు పక్కన జేబెజ్ మేస్త్రీ ఒక్కడే ఉన్నాడు. ఒక చేతిలో నూనెడబ్బా. రెండో చేతి అరచెయ్యి బేరింగు మూత మీద ఆనించి ఉంచాడు, జ్వరమొచ్చిన పిల్ల నుదురు చూస్తున్నట్టు.

ఆ చెయ్యి చూడగానే ఎల్లిస్‌కి అర్థమైంది.

"మేస్త్రీ" అన్నాడు దగ్గరికెళ్ళి. "ఆపించండి."

"నువ్వెందుకొచ్చావు? ఇవాళ నీకు పని లేదుగా."

"మీ ఇంటికెళ్ళొచ్చాను. కిటికీ గట్టు చూశాను."

మేస్త్రీ చెయ్యి మూత మీద నుంచి కదల్లేదు. చక్రం వేగం పెరిగింది. చక్రం నుంచి మగ్గాలని తిప్పే తాళ్ళు గాలిని కోస్తున్న చప్పుడు మొదలైంది. ఇక మాట వినపడదు. మేస్త్రీ మగ్గాల మాటలోకి దిగాడు. నేత షెడ్డులో వెయ్యి మగ్గాల మోత మధ్య ఆడవాళ్ళు మాట్లాడుకునే మాట అది. గొంతు ఉండదు. పెదాలు పెద్దగా సాగదీసి, ఒక్కొక్క మాటనీ మొహంతో చెక్కుతారు. ఊళ్ళో సగంమంది అమ్మ ఒళ్ళోనే నేర్చుకున్న మాట. మేనేజరు మాంచెస్టరు మనిషి, ఆయనకి రాదు.

"నిన్న తెలిసింది" అన్నాయి మేస్త్రీ పెదాలు. "వేసవి మొదట్లో, విట్సన్ పండక్కి ముందు బల్ల మీంచి జారి పడింది. గాజు వదులైతే నేనే కూర్చోబెట్టాను. సరిగ్గానే పెట్టాననుకున్నాను. తిప్పి చూడలేదు."

"ఎందుకు చూడలేదు?"

"పాదిరిని ఎవడు తిప్పుతాడురా?"

ఎల్లిస్ చక్రం వైపు చూపించాడు. "ఆపించండి. ఇప్పుడే."

"కంగారుపడకు. చెయ్యి మూత మీదే ఉంచాను. కాస్త కాలగానే వేడెక్కిందని చెప్పి నేనే ఆపిస్తాను. కొత్త బేరింగు వేడెక్కడం మామూలే, ఎవరి తప్పూ కాదు. రాత్రికి మూత తీసి, మెల్లగా రేకులు లాగేసి సర్దేద్దాం. నువ్వూ నేనూ. మూడోవాడికి తెలియదు."

"మీ చేతికి తెలిసేలోపలే కరిగిపోతే?"

"కరగదు. నలభై ఏళ్ళుగా చూస్తున్నాను."

"విల్ఫ్ అక్కడ నిలబడ్డాడు మేస్త్రీ."

మేస్త్రీ కళ్ళు ఒక్క క్షణం అటు పోయి తిరిగొచ్చాయి. ఆయన మొహం చెమటతో మెరుస్తోంది. పెదాలు ఇంకా పెద్దగా, ఇంకా మెల్లగా కదిలాయి.

"వచ్చే ఏడు నేను పని మానేస్తున్నాను. షాపు ఎవరికివ్వాలో నన్నే అడుగుతారు. నీ పేరు చెబుతాను. ఇవాళ ఒక్క పావుగంట నోరు మూసుకో. నా పేరు మట్టిలో కలపకురా ఎల్లిస్. నీకు పని నేర్పింది నేను."

నిజమే. సుత్తి ఎట్లా పట్టుకోవాలో కూడా ఆయనే నేర్పాడు. ఎల్లిస్ వేలు చితికిన రోజు తన చొక్కా చింపి కట్టు కట్టింది ఆయనే. షాపుకి మేస్త్రీ అంటే ఊళ్ళో టోపీ ఎత్తి పలకరిస్తారు. హెట్టీ ఆ మాట వింటే ఏడుస్తుంది, సంతోషంతో.

పావుగంట. ఆయన చెయ్యి మూత మీద ఉంది. నలభై ఏళ్ళ చెయ్యి.

తలుపు దగ్గర మేనేజరు గడియారం మూసి, చెయ్యి పైకెత్తి గాలిలో గుండ్రంగా తిప్పాడు. పూర్తి వేగం.

కాళ్ళ కింద అదురు మారింది. ఇందాకటిదాకా నిండుగా వచ్చిన అదురులో ఇప్పుడు ఒక సన్నటి వణుకు కలిసింది, పంటి కింద ఇసక పడ్డట్టు. ఎల్లిస్ వంగి మూత అంచు మీద రెండు వేళ్ళు పెట్టాడు. మేస్త్రీ చెయ్యి ఉన్నది మూత నడిమిన. నడుమ వెచ్చగా ఉంది. అంచు చుర్రుమంది.

మేస్త్రీ తప్పు చోట చెయ్యి పెట్టాడు. కాలుతోంది అంచు.

ఎల్లిస్ చక్రం గొయ్యి చుట్టూ పరుగు తీశాడు. ఇత్తడి కడ్డీ పట్టుకుని మలుపు తిరిగాడు. నూనె మరకలో కాలు జారి మోకాలు రాతికి కొట్టుకుంది. లేచి చూసేసరికి విల్ఫ్ రెండు చేతులతో వాల్వు చక్రాన్ని తిప్పుతున్నాడు. అటు కాదు. ఇటు. మూస్తున్నాడు.

విల్ఫ్ మొహంలో నవ్వు లేదు. ఎల్లిస్ వైపు చూడటం లేదు. చక్రం మీదుగా మేస్త్రీ మొహాన్నే చూస్తున్నాడు.

* * *

ఆవిరి ఆగింది. చక్రం ఆగలేదు. అరవై టన్నుల ఇనుము. చెయ్యెత్తితే ఆగే గుర్రం కాదు. తన బరువుతో తనే తిరుగుతోంది. ఆ ముగ్గురూ, తలుపు దగ్గరున్న మేనేజరూ చెయ్యగలిగింది ఏమీ లేదు, చూడటం తప్ప.

దూరపు బేరింగు నుంచి నీలంగా పొగ లేచింది. తర్వాత కేక మొదలైంది. లోహం లోహాన్ని రాసుకునే కేక, పందిని కోస్తున్నప్పటి కేక. మేస్త్రీ నూనెడబ్బా మొత్తం మూతలో కుమ్మరించాడు. నూనె చిటపటమంది. ఆయన పక్కకి తప్పుకోలేదు. ఇంకో డబ్బా అందుకున్నాడు, అదీ పోశాడు.

"దూరంగా రండి మేస్త్రీ" అని ఎల్లిస్ అరిచాడు. ఎవరికీ వినపడలేదు.

"బావా, కిందకి దిగు" అన్నాడు, ఎత్తు మీదకెక్కి విల్ఫ్ చెవిలో. "ఎదురుగా ఉండకు."

"నా ఇంజిన్ తిరుగుతుంటే నేను దిగను" అన్నాడు విల్ఫ్. చేతులు వాల్వు మీద నుంచి తియ్యలేదు.

ఎల్లిస్ కూడా దిగలేదు. పక్కనే నిలబడ్డాడు. చక్రం ఒక్కో చుట్టుకీ ఏదో పక్కకి జరిగినట్టు అనిపిస్తోంది. నిజంగా జరుగుతోందో, కళ్ళే వణుకుతున్నాయో తెలియడం లేదు. తాళ్ళు విడివిడిగా కనపడటం మొదలైంది. తర్వాత చక్రం ఊచలు కనపడ్డాయి. కేక మూలుగైంది. మూలుగు గరగర అయింది.

ఒక ఊచ పైకొచ్చి, కాస్త ఆలోచించి, వెనక్కి ఊగి ఆగింది.

ఇంజిన్ ఇంట్లో నూనె కారుతున్న చప్పుడు ఒక్కటే మిగిలింది.

మేనేజరు మెట్లెక్కి వచ్చాడు. "ఎవరు ఆపమన్నారు? నేను పూర్తి వేగం అన్నాను కదా."

"నేనే ఆపాను సార్" అన్నాడు విల్ఫ్. "నా ఇంజిన్."

"కారణం?"

విల్ఫ్ గోతి అవతలికి చూశాడు. "కారణం ఆయన చెబుతాడు."

అందరూ అటు చూశారు. మేస్త్రీ ఖాళీ డబ్బా కింద పెట్టాడు. చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. వేళ్ళ మీద నూనె చింది కాలిన బొబ్బలు లేస్తున్నాయి. కొత్త బేరింగు వేడెక్కింది సార్, మామూలే అంటే సరిపోతుంది. మేనేజరు నమ్ముతాడు. ఎల్లిస్ ఆ మాట కోసం ఎదురుచూశాడు. ఆయన ఆ మాట అంటే బాగుండునని ఒక పక్క, అనకపోతే బాగుండునని ఇంకో పక్క.

మేస్త్రీ మేనేజరు వైపు కాకుండా విల్ఫ్ వైపు చూశాడు.

"ఎంతవరకు చదివావు?"

"మొత్తం" అన్నాడు విల్ఫ్. "మా అమ్మ ఆరు మగ్గాలు నడిపింది మేస్త్రీ. నేను ముందు పెదాలు చదివి, తర్వాత మాటలు విన్నాను. మీకంత పెద్ద నోరేసుకుని రహస్యాలేంటి?"

జేబెజ్ టాటర్సల్ మేనేజరు వైపు తిరిగి మామూలు గొంతుతో, పని పురమాయిస్తున్నట్టు చెప్పాడు. "నా రసమట్టం తప్పు సార్. ఇరుసు వంకరగా కూర్చోబెట్టాను. నిన్నటి నుంచి నాకు తెలుసు. రేపు పొద్దున మీ మిల్లు తిరగదు."

రేపు గేటు దగ్గరికి వచ్చే వందలమందికి ఏం చెప్పాలో, మిల్లు యజమానులకి ఏం చెప్పాలో లెక్క వేసుకుంటున్నట్టు మేనేజరు పెదాలు కదిలాయి. చివరికి "ఎప్పటికి తిరుగుతుంది?" అని మాత్రం అడిగాడు.

"ఎల్లిస్‌ని అడగండి" అన్నాడు మేస్త్రీ. "ఇక్కడ నా పని అయిపోయింది. ఇంకో పని ఉంది."

"ఇంకేం పని మేస్త్రీ?" అన్నాడు ఎల్లిస్.

"ఈ సెలవుల్లోనే పాదిరితో ఇంకో రెండు మిల్లుల్లో ఇరుసులు పెట్టించాను. రెండూ రేపు పొద్దున్నే మొదలవుతాయి. వాళ్ళకి చెప్పాలి."

ఆ మాట ఎల్లిస్‌కి తట్టనే లేదు. "నేను పోతాను. మీ చేతులు కాలాయి."

"నడవడానికి చేతులెందుకురా? నువ్వు పోతే పాదిరి తప్పు చెప్పింది అంటావు. వాళ్ళు నిన్నే నమ్మరు. నేను పోయి నేను తప్పు చెప్పాను అంటేనే ఇంజిన్ ఆపుతారు."

ఆయన టోపీ పెట్టుకుని పక్క తలుపులోంచి పెరట్లోకి దిగాడు. నిటారుగానే నడిచాడు. గేటు దాటుతుండగా స్టేషను నుంచి సెలవుల మొదటి రైలు జనం ఎదురొచ్చారు. ఎండకి ఎర్రగా కాలిన మొహాలు, భుజాల మీద పిల్లలు, చేతుల్లో గవ్వలపెట్టెలు. ఆయన్ని చూసి అలవాటుగా టోపీలెత్తారు. ఆయన ఎవరికీ టోపీ ఎత్తలేదు.

* * *

మేనేజరు టెలిఫోను దగ్గరికి పోయాడు. విల్ఫ్ పనిముట్ల పెట్టె తెరిచి, వాల్వు మీది ఇనపచక్రం మధ్య మర విప్పాడు. చక్రాన్ని ఊడదీసి చంకలో పెట్టుకున్నాడు.

"ఏంటది బావా?"

"ఆఫీసు నుంచి ఎవడైనా వచ్చి కాస్త తిప్పి చూద్దాం అంటాడేమో. తిప్పడానికి ఏమీ లేకపోతే గొడవుండదు." మెట్లు దిగి ఆగాడు. ఆదివారం సాయంత్రం టీకి విల్ఫ్ ఎప్పుడూ ఎల్లిస్ ఇంటికే వస్తాడు. "హెట్టీ హామ్ ఉడకబెడతానంది. నేను ముందు పోతున్నాను."

"బావా."

"ఊఁ."

"నేను నీ దగ్గరికే పరిగెత్తుతున్నాను. నువ్వు ఆపేసరికి సగం దూరం వచ్చాను."

"చూశాను." విల్ఫ్ ఇనపచక్రాన్ని ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు. "మేస్త్రీ మొహం నా వైపు ఉంది. నీ వీపు నా వైపు ఉంది. ఆయన షాపు ఇస్తానన్నాడు చూడు, అప్పుడు నీ వీపు కదల్లేదు. నేను వాల్వు ముయ్యడం మొదలెట్టాక కదిలింది."

"అంచు మీద చెయ్యి పెట్టి చూస్తున్నాను."

"అదీ చూశాను. అది తర్వాత." విల్ఫ్ గొంతులో కోపం లేదు. అదే ఎల్లిస్ భరించలేకపోయాడు. "హెట్టీకి నేనేమీ చెప్పను. చెప్పేది నువ్వే. లేకపోతే లేదు. టీ చల్లారిపోతుంది, తొందరగా రా."

విల్ఫ్ వెళ్ళిపోయాడు.

ఎల్లిస్ బేరింగు దగ్గరికి వచ్చి మూత మీద చెయ్యి పెట్టాడు. కాలింది. తీసేశాడు. ఇంత వేడి మీద మూత విప్పకూడదు, ఇరుసు వంగుతుంది. చల్లారేదాకా కూర్చోవాలి. కూర్చున్నాడు. లేచాడు. చక్రం గొయ్యి చుట్టూ ఒకసారి తిరిగి, విల్ఫ్ నిలబడే చోటికి ఎక్కి, అక్కడి నుంచి మేస్త్రీ నిలబడిన చోటుని చూశాడు. అంత దూరం నుంచీ నేల మీద నూనె మరకలు కూడా లెక్కపెట్టేంత తేటగా కనపడుతోంది.

బయట రెండో రైలు కూతేసింది. వీధిలో ఎవరో బ్లాక్‌పూల్ పాట పాడుకుంటూ పోతున్నారు. ఎల్లిస్ మెట్లు దిగి వచ్చి మళ్ళీ మూత మీద చెయ్యి పెట్టాడు. ఈసారి అంచు మీద. ఇంకా వేడిగానే ఉంది. పెట్టిన చెయ్యి అట్లాగే ఉంచాడు.